ఆరిపోయిన నీళ్ళు ఎక్కడికి పోతాయి? నాలుగు, ఐదు తరగతుల్లో ఒక పాఠం నడిచిన తీరు

అనంతపురం జిల్లాలోని ఒక మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలలో నాలుగు, ఐదు తరగతులను ఒకే గదిలో కూర్చోబెట్టి బోధిస్తున్నాను. నాలుగో తరగతిలో 11 మంది, ఐదో తరగతిలో 12 మంది, మొత్తం 23 మంది పిల్లలు. జనవరి మూడో వారం నుంచి మార్చి మొదటి వారం దాకా, వారానికి రెండు పీరియడ్ల చొప్పున, పరిసరాల విజ్ఞానంలో ఒకే ఒక్క విషయం మీద మేం చేసిన పనిని ఇక్కడ రాస్తున్నాను. నీరు ఆరిపోవడం అన్నదే ఆ విషయం. పాఠ్యపుస్తకంలో దానికి దక్కే చోటు పేజీన్నర కూడా ఉండదు. దాని మీద ఇన్ని వారాలు పెట్టడానికి కారణం అంతకు ముందు ఏడాది నాకు ఎదురైన ఒక చిన్న సంఘటన.

ఆ ఏడాది ఈ పాఠాన్ని రెండు పీరియడ్లలో ముగించాను. నీరు వేడికి ఆవిరిగా మారడాన్ని బాష్పీభవనం అంటారని బోర్డు మీద రాశాను, జలచక్రం చార్టు చూపించాను, నిత్యజీవితం నుంచి మూడు ఉదాహరణలు చెప్పించాను. పరీక్షలో దాదాపు అందరూ నిర్వచనం తప్పు లేకుండా రాశారు. తర్వాత వారం ఒక మధ్యాహ్నం, భోజనాలయ్యాక కంచాలు కడిగే చోట నిలబడి ఉండగా, ఆ ప్రశ్నకు పూర్తి మార్కులు తెచ్చుకున్న ఐదో తరగతి అమ్మాయి కనిపించింది. అప్పటిదాకా తడిగా ఉండి ఆరిన సిమెంటు గచ్చును చూపించి, "ఇక్కడున్న నీళ్ళు ఏమయ్యాయమ్మా?" అని అడిగాను. "సిమెంట్లోకి ఇంకిపోయినాయి సార్" అంది. చేతిలో ఉన్న స్టీలు కంచం చూపించి, మరి దీని మీదివో అన్నాను. కంచాన్ని తిప్పి చూసుకుని, "ఇవి ఆరిపోయినాయి" అంది. ఆరిపోయి ఎక్కడికి పోయాయని మళ్ళీ అడిగితే, నేనేదో అడగరానిది అడిగినట్టు నా ముఖంలోకి చూసి, "ఆరిపోయినాక ఇంక యాడికి పోతాయి సార్?" అంది.

ఆ జవాబు చాలా రోజులు నన్ను వదలలేదు. ఆ అమ్మాయి భాషలో తప్పు లేదు. తెలుగులో బట్ట ఆరుతుంది, దీపమూ ఆరుతుంది. దీపం ఆరిపోయాక వెలుగు ఎక్కడికి పోయిందని ఎవరూ అడగరు, అది లేకుండా పోయింది, అంతే. తడి ఆరిపోవడం కూడా ఆ పాపకు అలాంటిదే. నీరు ఒక చోటు నుంచి ఇంకో చోటికి వెళ్ళిందన్న భావమే ఆ మాటలో ఆమెకు లేనప్పుడు, ఎక్కడికి వెళ్ళిందన్న ప్రశ్న అర్థం లేనిదవుతుంది. నేను బోర్డు మీద రాసిన నిర్వచనం ఆ ప్రశ్న జోలికే పోలేదు. పైగా ఒక పెద్ద సంస్కృత పదాన్ని చేతిలో పెట్టి, ఇక ఆలోచించాల్సిన పని లేదని పరోక్షంగా చెప్పింది.

మన పిల్లలకు నీరు తగ్గిపోవడం గురించి ఒక్క మాట కాదు, నాలుగైదు మాటలు ఇంటి నుంచే వస్తాయి. మట్టిలో పోసిన నీరు ఇంకుతుంది, కూరలో నీరు ఇగురుతుంది, బట్ట మీది తడి ఆరుతుంది, పొయ్యి మీద ఎసరు మరిగి ఆవిరి వస్తుంది. ఒక్కొక్క మాట వెనుక ఒక్కొక్క ఊహ ఉంది. ఇంకడంలో నీరు కిందికి వెళుతుంది, ఎక్కడో దాగి ఉంటుంది. ఊరూరా ఇంకుడు గుంతల ప్రచారం జరిగిన తర్వాత ఈ మాట పిల్లల నోట మరీ ఎక్కువగా వినిపిస్తోంది. ఇగరడం వంటింటి వ్యవహారం. ఆరడంలో నీరు మాయమవుతుంది. ఆవిరి మాత్రం కంటికి కనబడే తెల్లటి పొగ. ఈ నాలుగూ ఒక పెద్ద కథలో భాగాలన్న ఊహ తొమ్మిది, పదేళ్ళ పిల్లలకు తమంతట తాముగా కలగదు. దాన్ని కలిగించాలంటే ముందు వాళ్ళ మాటలను వాళ్ళతోనే పక్కపక్కన పెట్టించాలని అనిపించింది. అందువల్ల ఈసారి బాష్పీభవనం అన్న పదాన్ని ఐదో వారం దాకా తరగతిలో పలకకూడదని నిర్ణయించుకున్నాను.

మొదటి రోజు ఉదయం ఒక స్టీలు కంచంలో రెండు చెంచాల నీళ్ళు పోసి బల్ల మీద పెట్టాను. మధ్యాహ్నానికి కంచం పొడిగా ఉంది. నీళ్ళు ఏమయ్యాయో ఎవరికి వారు ఒక బొమ్మ వేసి, దాని కింద ఒక వాక్యం రాయమన్నాను. పక్కవాళ్ళది చూడవద్దని, దీనికి మార్కులు లేవని ముందే చెప్పాను. కంచంలోకి గానీ బల్లలోకి గానీ ఇంకిపోయాయని 9 మంది రాశారు. ఎండ తాగేసిందని ఆరుగురు రాశారు. కంచం ఉన్నది గది లోపలే అయినా వాళ్ళ బొమ్మల్లో సూర్యుడు ఉన్నాడు, ఇద్దరి బొమ్మల్లో ఆయనకు నోరు కూడా ఉంది. ఆరిపోయాయని మాత్రమే రాసి ఊరుకున్నవాళ్ళు ఐదుగురు. ఆవిరి అన్న మాట వాడినవాళ్ళు ఇద్దరు, మేఘం బొమ్మ వేసి దాని దాకా బాణం గీసిన పిల్లవాడు ఒకడు. స్టీలు కంచంలోకి నీరు ఇంకుతుందని అంతమంది రాస్తారని నేను ఊహించలేదు. మన్ను, సిమెంటు, ఇటుక, కుండ, గుడ్డ ఇలా పిల్లలు చూసే వస్తువుల్లో ఎక్కువ భాగం నీటిని నిజంగానే పీల్చుకునేవి కాబట్టి అది తెలివితక్కువ జవాబు కాదు. అనుభవం నుంచి తీసిన సూత్రాన్ని అది పనిచేయని చోట కూడా వాడారు, అంతే.

రెండో వారంలో అనుకోకుండా ఒక అతిథి పాఠంలోకి వచ్చింది. ఒకే కొలత నీటిని కంచంలో ఒకటి, చెంబులో ఒకటి పోసి ఎండలో పెట్టాం. కొలవడానికి దగ్గు మందు సీసాల మీద ఉండే గీతల మూతలు పిల్లలే తెచ్చారు. పది మిల్లీలీటర్ల మూతతో పదిసార్లు, అంటే ఒక్కోదానిలో 100 మిల్లీలీటర్లు. అరగంట తర్వాత కిటికీలోంచి చూస్తే కంచం అంచు మీద కాకి కూర్చుని తాపీగా తాగుతోంది. తరగతి గది గోలగోల అయిపోయింది. నాకు విసుగు వచ్చిన మాట నిజమే, పీరియడు మొత్తం వృథా అయిందనుకున్నాను. కానీ గోల తగ్గాక నాలుగో తరగతి పిల్లవాడొకడు లేచి, "మొన్న కంచంలో నీళ్ళు గూడా కాకే తాగిందేమో సార్, మనం సూసినామా?" అన్నాడు. ఆ మాటతో తరగతిలో మొదటిసారి అసలైన వాదన మొదలైంది. మొన్నటి కంచం గదిలో ఉందని ఒకరు, కిటికీ తెరిచే ఉందని ఇంకొకరు, ఉడత కూడా రావచ్చునని మరొకరు అన్నారు. చివరికి వంటగది నుంచి బియ్యం జల్లెడ తెచ్చి కంచం మీద బోర్లించాలని వాళ్ళే తీర్మానించుకున్నారు.

మన వాతావరణ శాఖ నీరు రోజుకు ఎంత ఆవిరవుతుందో కొలవడానికి 122 సెంటీమీటర్ల వ్యాసం, 25.5 సెంటీమీటర్ల లోతు ఉన్న వెడల్పాటి పాత్రను వాడుతుంది. దాని మీద పక్షులు, జంతువులు నీరు తాగకుండా తీగ వల కప్పి ఉంటుంది. ఈ సంగతి పిల్లలకు మరుసటి పీరియడులో చెప్పాను. తమ జల్లెడ ఆలోచన వాతావరణ శాఖవాళ్ళకు కూడా వచ్చిందని తెలిసి వాళ్ళు పొందిన గర్వం చూసి తీరాల్సిందే. ఒక పరిశీలనలో ఇతర కారణాలను అడ్డుకోవడం అంటే ఏమిటో నేను ఏ మాటల్లో చెప్పినా అంత బాగా ఎక్కేది కాదు.

జల్లెడ కింద ఎండలో ఉన్న కంచం మధ్యాహ్న భోజనం వేళకు ఆరింది. దాని పక్కనే ఉన్న చెంబులో నాలుగో రోజు సాయంత్రానికి కూడా దాదాపు సగం నీరు మిగిలింది. నీరు ఎంత పరుచుకుంటే అంత త్వరగా పోతుందన్నది వాళ్ళే చెప్పారు. వడియాలు, మిరపకాయలు, వేరుశనగ కాయలు పలచగా పరిచి ఎండబెట్టే ఇళ్ళ పిల్లలకు అది కొత్త సంగతి కాదు. ఇంకడం గురించిన వాదన కూడా ఇక్కడే సగం తేలింది. చెంబూ కంచమూ రెండూ స్టీలే కదా, ఇంకేదైతే రెండింటిలోనూ ఇంకాలి కదా అని ఒక అమ్మాయి అడిగింది. కంచానికి నీళ్ళు తగిలే చోటు ఎక్కువ కాబట్టి ఎక్కువ ఇంకుతుందని ఒక పిల్లవాడు వెంటనే జవాబిచ్చాడు. వాడి తర్కంలో లోపం ఎక్కడుందో ఆ నిమిషంలో నాకూ తట్టలేదు. మరుసటి రోజు ఒక స్టీలు కంచాన్ని రాత్రంతా నీటిలో నానబెట్టి, పైన తడి తుడిచి, ముందూ వెనకా తూచి చూపిస్తే ఒప్పుకున్నాడు, అదీ అయిష్టంగానే.

తూకం అన్న ఆలోచన అక్కడ పుట్టింది కాబట్టి మూడో వారమంతా దాని చుట్టూనే నడిచింది. ఊళ్ళో కిరాణా కొట్టు నుంచి ఎలక్ట్రానిక్ కాటా ఒక పూటకు అడిగి తెచ్చాను. అది ఐదు గ్రాముల మెట్టుతో చూపిస్తుంది. దాని మీద ఒక ప్లాస్టిక్ స్టూలు బోర్లా పెట్టి, సున్నా చేసి, స్టూలు కాళ్ళ మీద ఒక తువ్వాలు పరిచాం. పొడి తువ్వాలు 210 గ్రాములు తూగింది. తడిపి, నీళ్ళు కారకుండా ఇద్దరు పిల్లలు చెరో కొస పట్టుకుని గట్టిగా పిండాక 480 వచ్చింది. గాలికి అంకెలు ఊగుతున్నాయని వరండాలో ఒక మూలకు జరిపాం. నీళ్ళు చుక్కలుగా కారి పోతున్నాయేమోనన్న అనుమానం తీరడానికి కాటా కింద పాత దినపత్రిక పరచమని ఒక పిల్ల చెప్పింది. అందరం చుట్టూ కూర్చున్నాం. రెండు మూడు నిమిషాలకు 480 కాస్తా 475 అయింది. ఎవరూ తాకలేదు, కింద కాగితం మీద ఒక్క చుక్క తడి లేదు. తర్వాత 470. ప్రతిసారీ అంకె మారినప్పుడు పిల్లలు ఒక్కసారిగా అరుస్తున్నారు, ఒకడు నోట్‌బుక్కులో గడియారం చూసి రాస్తున్నాడు. ఎండ లేదు, పొయ్యి లేదు, కాకి లేదు, అయినా ఏదో వెళ్ళిపోతోందన్నది వాళ్ళ కళ్ళ ముందు అంకెల్లో కనబడుతోంది.

అసలు మలుపు అప్పుడు వచ్చింది. నాలుగో తరగతిలో అంతగా నోరు విప్పని ఒక పిల్లవాడు, "మా నాయన కాయలు ఆరబోసినా ఇట్లే తూకం పోతాది సార్. పచ్చి కాయ అమ్మితే యాపారి తేమ ఉందని కోసేస్తాడు" అన్నాడు. వేరుశనగ పండించే మా ప్రాంతంలో ప్రతి ఇంట్లో ఈ లెక్క తెలుసు. కాయ ఆరితే తూకం పోతుంది, ఆ పోయిన తూకానికి రైతు దిగులుపడతాడు. "ఆ పోయిన తూకం ఎక్కడికి పోయింది?" అని మాత్రమే అడిగాను. చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. చివరికి ఆ పిల్లవాడే, "గాలిలోకే పోయుండల్ల, ఇంక వేరే దావ లేదు" అన్నాడు. ఏడాది క్రితం ఆరిపోయాక ఇంక యాడికి పోతాయి అన్న ప్రశ్నకు జవాబు నా నోటి నుంచి కాకుండా కాయల కళ్ళం నుంచి వచ్చింది. ఆరడం అంటే లేకుండా పోవడం కాదు, వెళ్ళిపోవడం. పదం అదే, దాని లోపలి అర్థం మారింది. ఈ ఏడు వారాల్లో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచిన నిమిషం అదే.

ఆవిరి అన్న మాట దగ్గర మేం ఊహించిన దానికంటే ఎక్కువ చిక్కుపడ్డాం. నీరు ఆవిరై గాలిలోకి పోయిందని నేను తొందరపడి అన్నాను. పిల్లలు కంచం దగ్గర కళ్ళు పెట్టి చూసి, "ఆవిరి రాలేదు సార్" అన్నారు. వాళ్ళు చెప్పింది అక్షరాలా నిజం. వాళ్ళకు తెలిసిన ఆవిరి తెల్లగా పైకి లేచేది, ఇడ్లీ పాత్ర మూత తీస్తే ముఖానికి కొట్టేది. నిజానికి ఆ తెల్లటిది నీటి ఆవిరి కాదు, ఆవిరి చల్లబడి మళ్ళీ నీరుగా మారిన అతి చిన్న తుంపరలు. అసలైన ఆవిరి గాలిలాగే కంటికి కనబడదు. మనం వాడుకలో కనబడేదాన్నే ఆవిరి అంటాం, పుస్తకం కనబడనిదాన్ని ఆవిరి అంటుంది. ఉపాధ్యాయులం ఈ తేడాను చెప్పకుండా దాటేయడం వల్ల పిల్లలు తమ కళ్ళను నమ్మాలో పుస్తకాన్ని నమ్మాలో తెలియక పుస్తకాన్ని కంఠస్థం చేస్తారు.

దీన్ని చూపించడానికి బస్టాండు దగ్గరి టీ కొట్టు నుంచి పొడవాటి ముక్కు ఉన్న కెటిల్ తెచ్చాను. వంటగదిలో, వంట ఆయమ్మ సాయంతో, పిల్లలను నాలుగడుగుల దూరంలో గీత గీసి నిలబెట్టి నీళ్ళు మరిగించాం. కెటిల్ ముక్కు కొసకు ఆనుకుని ఒక అంగుళం మేర ఏమీ కనబడదు, ఆ తర్వాతనే తెలుపు మొదలవుతుంది. ఆ ఖాళీలో ఏముందని అడిగితే మొదట ఏమీ లేదన్నారు. ఆయమ్మ పట్టుకారుతో ఒక స్టీలు గరిటెను ఆ ఖాళీలో పెట్టగానే దాని మీద నీటి బొట్లు కట్టి కారాయి. "కనపడకుండా వచ్చి కనపడేటట్టు అయింది" అని ఒక పాప రాసుకుంది. ఆ వాక్యాన్ని గోడ మీద అంటించాం, సంవత్సరం చివరి దాకా ఉంది. మా ఆయమ్మ ఇన్నేళ్ళుగా రోజూ చూస్తున్నదేనని, కానీ ఆ ఖాళీని ఎప్పుడూ గమనించలేదని చెప్పింది. నేను కూడా ముప్పై ఏళ్ళు దాటాకనే గమనించాను.

గాలిలోకి వెళ్ళిన నీరు మళ్ళీ తిరిగి వస్తుందని నిరూపించే దగ్గర నాకు ఎదురుదెబ్బ తగిలింది. స్టీలు గ్లాసులో ఐసు ముక్కలు వేస్తే బయట చుక్కలు పడతాయి, ఇది అందరూ చేసే ప్రయోగం. ఆ నీరు గ్లాసులోంచి బయటికి కారిందని పిల్లలు అంటారని నాకు తెలుసు. న్యూజిలాండ్‌లో ఆస్బోర్న్, కాస్‌గ్రోవ్ అనే ఇద్దరు పరిశోధకులు నీటి స్థితి మార్పుల గురించి పిల్లల ఊహలను అడిగి 1983లో ప్రచురించిన వ్యాసంలో కూడా గాజు గోడలోంచి నీరు బయటికి వచ్చిందన్న జవాబు నమోదై ఉంది. అందుకని నేను ముందు జాగ్రత్తగా గ్లాసులో బీట్‌రూట్ రసం కలిపాను. బయటి చుక్కలు తెల్లగా ఉన్నాయి చూడండి, లోపలి నీరైతే ఎర్రగా ఉండాలి కదా అన్నాను. ఐదో తరగతి పిల్లవాడు తాపీగా, "రంగు లోపలే నిలబడి నీళ్ళు మాత్రం వచ్చినాయి సార్, ఫిల్టరు మాదిరి" అన్నాడు. మా ఊళ్ళో ఫ్లోరైడు బాధ వల్ల నీళ్ళ ప్లాంటు ఉంది, అక్కడ ఏం జరుగుతుందో వాడికి తెలుసు. కాటా మీద తూచి చూద్దామంటే ఆ నాలుగు చుక్కలను చూపించే శక్తి ఐదు గ్రాముల మెట్టు ఉన్న కాటాకు లేదు. ఆ పీరియడు ఓటమితోనే ముగిసింది.

పరిష్కారం కిరాణా కొట్టులోనే దొరికింది. కాటా తిరిగి ఇవ్వడానికి వెళ్ళినప్పుడు మూలన పడి ఉన్న పాత ఇనుప కిలో తూకపు రాయి కనబడింది. దాన్ని సోడాలు పెట్టే ఫ్రీజరులో రాత్రంతా ఉంచమని కొట్టాయనను బతిమాలాను. పొద్దున గుడ్డలో చుట్టి తెచ్చి బల్ల మీద పెట్టాం. ముందు దాని మీద తెల్లటి పొర పట్టింది, కాసేపటికి ఆ పొర కరిగి చుక్కలయింది, చుక్కలు జారి బల్ల మీద మడుగు కట్టింది. ఇనుప రాయి లోపల నీళ్ళు ఎక్కడున్నాయని ఫిల్టరు పిల్లవాడిని అడిగాను. రాయిని ఎత్తి, అటూ ఇటూ తిప్పి, గోటితో గీకి, దింపేశాడు. "దీంట్లో లేవు సార్. గాలిలో ఉన్నవే" అన్నాడు. ఇలాంటి విషయాల్లో పిల్లవాడి అభ్యంతరం ఉపాధ్యాయుడి ప్రయోగం కంటే ముందుండడం మంచిదే, దానికి సరిపోయే ప్రయోగం వెతుక్కునే ఓపిక మనకు ఉండాలి. ఈ వస్తువును సిఫారసు చేసేటప్పుడు ఒక్క హెచ్చరిక: ఫ్రీజరు నుంచి తీసిన ఇనుమును పిల్లలు వెంటనే చేత్తో పట్టుకోకూడదు, తడి వేళ్ళు అతుక్కుంటాయి.

ఐదో వారంలో ఆ పెద్ద పదాన్ని బోర్డు మీద రాశాను. బాష్పం అంటే ఆవిరి అని, కన్నీటికీ అదే మాట ఉందని చెప్పి, ఆనందబాష్పాలు అన్న మాట విన్నారా అని అడిగాను. ఇద్దరు ముగ్గురు సినిమాల్లో విన్నామన్నారు. దానికి పది నిమిషాలు కూడా పట్టలేదు, ఎందుకంటే ఆ పేరు పెట్టవలసిన విషయం అప్పటికే వాళ్ళ దగ్గర ఉంది. ఆవిరి చల్లబడి మళ్ళీ నీరు కావడానికి వాడే సాంద్రీకరణం అన్న మాట కూడా అలాగే అయింది, దాన్ని పలకడానికి మాత్రం ఇంకా తంటాలు పడుతున్నారు.

మా జిల్లాలో సగటున ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వర్షం మాత్రమే కురుస్తుంది, అందువల్ల గాలిలో తేమ సంగతి ఇక్కడి పిల్లలకు చర్మానికి తెలిసినంతగా మనసుకు తెలియదు. బాపట్ల దగ్గర పనిచేసే ఒక ఉపాధ్యాయ మిత్రుడిని ఫోనులో అడిగి, అదే రోజు, అదే కొలత కంచంలో, నీడలో, ఉదయం తొమ్మిదిన్నరకు 100 మిల్లీలీటర్లు పోయించాను. మా కంచం సాయంత్రం బడి వదిలే వేళకు ఆరింది. అదే వేళకు వాళ్ళ కంచంలో దగ్గు మందు మూతతో నాలుగు మూతల నీళ్ళు మిగిలాయని ఫోనులో ఆ బడి పిల్లలే మా పిల్లలకు చెప్పారు. సముద్రం పక్కన గాలిలో ముందే నీళ్ళున్నాయి కాబట్టి ఇంకా ఎక్కువ నీళ్ళు పట్టవని మావాళ్ళు తేల్చారు. గాలి వేగం, కంచం లోతు లాంటివి రెండు చోట్లా ఒకేలా ఉన్నాయని నేను చెప్పలేను కాబట్టి దీన్ని రుజువుగా కాక ఊహకు ఊతంగానే వాడాను.

చెట్టు విషయం త్వరగా ముగిసింది. ఆవరణలోని కానుగ కొమ్మకు పది పన్నెండు ఆకులు లోపల ఉండేలా పారదర్శకమైన ప్లాస్టిక్ కవరు కట్టాం, ఆకులు దూసేసిన కొమ్మకు ఒకటి, ఎండు పుల్లకు ఒకటి కట్టాం. మధ్యాహ్నం మూడింటికి ఆకుల కవరు అడుగున దగ్గు మందు మూతలో సగానికి పైగా నీరు చేరింది, ఆకులు దూసిన కొమ్మ కవరులో పలచని చెమ్మ మాత్రమే ఉంది, ఎండు పుల్ల కవరు పొడిగా ఉంది. చెట్టుకు చెమట పట్టిందని అందరూ ఒక్కమాటగా అన్నారు. పోలిక పూర్తిగా సరైనది కాకపోయినా నేను ఆపలేదు, ఎందుకంటే వెంటనే ఒక అమ్మాయి చెట్టు కింద చల్లగా ఉండడానికి నీడతో పాటు ఇదీ కారణమేనా అని అడిగింది.

ఆ ప్రశ్న నుంచి కుండ దగ్గరికి వెళ్ళాం. కుండలో నీరు గోడల్లోకి ఇంకుతుంది, బయటికి వచ్చాక ఆరుతుంది, ఆరేటప్పుడు లోపలి నీటి వేడిని తీసుకుపోతుంది. పిల్లలు విడివిడిగా పెట్టుకున్న రెండు మాటలు ఇక్కడ ఒకే వస్తువులో కలుస్తాయి. ఉన్నత పాఠశాల నుంచి తెచ్చిన థర్మామీటరుతో చూస్తే గది గాలి 34 డిగ్రీలు, స్టీలు బిందెలో నీరు 33, కుండలో నీరు 26. మరో కుండకు చుట్టూ ప్లాస్టిక్ కవరు బిగించి కడితే అందులో నీరు దాదాపు బిందె నీటిలాగే ఉంది. ఒక గ్రాము నీరు ఆ వేడిమి దగ్గర ఆవిరి కావడానికి సుమారు 580 కెలోరీలు కావాలి, అంటే ఒక్క గ్రాము వెళ్ళిపోతూ 580 గ్రాముల నీటిని ఒక డిగ్రీ చల్లబరచగలదు. ఈ లెక్క పిల్లలకు చెప్పలేదు, తోటి ఉపాధ్యాయుల కోసం రాస్తున్నాను. పిల్లలకు మోచేతి మీద తడి గుడ్డ రాసి నోటితో ఊదుకోమన్నాను, అది చాలు.

చెరువు దగ్గర మాత్రం నేను అనుకున్నది సాధించలేకపోయాను. ఊరి చెరువులో పుల్ల పాతి వారం వారం నీటిమట్టం గుర్తు పెట్టించాను, మట్టం తగ్గింది, కానీ అందులో ఇంకింది ఎంత, ఆరింది ఎంత, పొలాలకు తోడుకున్నది ఎంత అన్నది విడదీసే మార్గం మా దగ్గర లేదు. రెండో వారానికి ఎవరో పుల్ల పీకేశారు.

మార్చిలో మొదటి రోజు ప్రశ్ననే మళ్ళీ ఇచ్చాను. ఆ రోజు 21 మంది వచ్చారు. నీరు కనబడకుండా గాలిలో కలిసిందని ఏదో ఒక రూపంలో 16 మంది రాశారు. ఇంకా కంచంలోకి ఇంకిందని రాసినవాళ్ళు ఇద్దరు. తక్కిన ముగ్గురి బొమ్మల్లో కంచం నుంచి మేఘం దాకా తిన్నగా ఒకే బాణం ఉంది, మధ్యలో గాలి లేదు. ఆ తప్పుకు బాధ్యత వాళ్ళది కాదని నా అభిప్రాయం. మన గోడల మీద వేలాడే జలచక్రం చార్టులన్నిటిలో సముద్రం మీద నుంచి మేఘంలోకి ఒక లావు బాణం ఉంటుంది. దాన్ని చూసిన పిల్లలకు ఆవిరి అంటే మేఘానికి వెళ్ళే బస్సు లాంటిదనిపిస్తుంది. నీరు ముందు మన చుట్టూ ఉన్న గాలిలోనే కలిసి ఉంటుందన్న సంగతి ఆ బొమ్మలో ఎక్కడా లేదు. ఆ చార్టును నేను చివరి రెండు వారాల్లో కూడా గోడ మీదే ఉంచడం నా పొరపాటు.

సమయం గురించి కూడా చెప్పాలి. ఈ పాఠం మీద పెట్టిన పీరియడ్ల వల్ల ఆహారం, రవాణా పాఠాలు హడావిడిగా ముగిశాయి. చుట్టుపక్కల బడుల ఉపాధ్యాయులు కలిసే కాంప్లెక్సు సమావేశంలో సిలబసు వెనకబడిందన్న మాట పడ్డాను, అది న్యాయమైన మాటే. ఏడాదికి ఒక్క విషయాన్ని ఇంత లోతుగా తీసుకోవచ్చు, రెండో దానికి మా బడి పరిస్థితుల్లో వీలు లేదు.

జులైలో, బళ్ళు తెరిచిన నెల తర్వాత, అప్పటి నాలుగో తరగతి పిల్లలను, ఇప్పుడు ఐదుకు వచ్చినవాళ్ళను, ముందుగా చెప్పకుండా మళ్ళీ అడిగాను. 11 మందిలో ఒకరి కుటుంబం పనికోసం బెంగళూరు వెళ్ళిపోయింది. మిగిలిన పది మందిలో ఏడుగురు గాలిలోకని చెప్పారు. మేఘం బాణం గీసిన ముగ్గురిలో ఒక పాప నాలుగో తరగతిదే. ఆమె ఈసారి జవాబు చెప్పకుండా ఎదురు ప్రశ్న వేసింది. వానాకాలంలో వాళ్ళ అమ్మ ఇంట్లోనే దండెం మీద చీరలు ఆరేస్తుందట. "తలుపులు, కిటికీలు మూసేసి ఉంటే ఆ నీళ్ళు మేఘాల కాడికి ఎట్ల పోతాయి సార్?" అంది.

ఈ ఏడాది పాఠం ఆ ప్రశ్నతోనే మొదలైంది. సమానంగా తడిపి పిండిన రెండు తువ్వాళ్ళలో ఒకటి వరండాలో వేశాం, రెండోది స్టోరు గదిలోని పాత ట్రంకు పెట్టెలో పరిచి మూత వేశాం. మరుసటి రోజు ఉదయం వరండాలోది గరగరలాడుతోంది. పెట్టె తెరిచినప్పుడు తువ్వాలు ఇంకా తడిగానే ఉంది, మూత లోపలి వైపు వేలితో రాస్తే చెమ్మ అంటింది. ఆ పాప వేలు చూసుకుని, వాసన చూసి, పక్కనున్న పిల్లకు చూపించి, "ఇదిగో, పోను దావ లేక ఈడే ఉండాయి" అంది.